వీసా ఫైలులో లేని గది

ఫ్రాన్స్ పల్లెలు చూసొచ్చినవాళ్ళు ఫోటోలు తెచ్చుకుంటారు, సెంటు సీసాలు తెచ్చుకుంటారు. నేను నా పరువు అక్కడ వదిలేసి, దాని బదులు ఒక కాగితం తెచ్చుకున్నాను. ఆ కాగితం కథ మా చుట్టాల్లో నా కంటే ముందు నడుస్తుంది. అది వాళ్ళ నోట వినేకంటే నా నోట వినడమే మీకూ మర్యాద, నాకూ మర్యాద.

2010 వేసవి. అమెరికాలో నోవై అనే ఊళ్ళో, కారు సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరుని. మనిషి కారులో ఎంతసేపు సుఖంగా కూర్చోగలడో లెక్కగట్టి చెప్పడమే నా ఉద్యోగం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మీరే నవ్వుతారు.

ఆ ప్రయాణం మా ఆవిడ శైలజ వాళ్ళ పెదనాన్న రామ్మోహనరావుగారి కోసం. డెబ్భై ఒకటిలో అమెరికా వచ్చి, ముప్ఫై ఏళ్ళు హైవేల మీద వంతెనలు కట్టి రిటైరయిన మనిషి. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. సెప్టెంబరులో ఆపరేషన్. ఆయన కాకినాడలో చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకంలో ఒక రాతి వంతెన బొమ్మ ఉండేదట. ఆరు కమానులు, దక్షిణ ఫ్రాన్స్ కొండల్లో ఏదో పల్లె. ఆ పల్లె పేరులో పన్నెండు అక్షరాలుంటే పలికేవి మూడే. "ఆపరేషన్ తర్వాత ఎలా ఉంటానో తెలీదు. ఈ కాలితోనే ఒకసారి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి నడవాలమ్మా," అని శైలజతో అన్నారు. ఆయన ఎన్నడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

బస ఏర్పాటు నాకు వదిలేయమన్నాను. అక్కడే మొదలైంది ముసలం.

మనకి అమెరికాలో రోడ్డు ప్రయాణమంటే ఒక శాస్త్రం ఉంది కదా. హోటల్ హైవే ఎగ్జిట్ పక్కనే ఉండాలి, పార్కింగ్ ఫ్రీగా ఉండాలి, బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీగా ఉండాలి, పులిహోర వేడి చేసుకోవడానికి మైక్రోవేవ్ ఉండాలి. చూడాల్సిన ఏడు పల్లెల్నీ మ్యాపులో పెట్టి, స్కేలుతో కొలిచి, సరిగ్గా నడిమధ్యన, పెద్ద రోడ్డు ఎగ్జిట్ దగ్గర ఒక హోటల్ పట్టాను. ఏ పల్లెకైనా నలభై మైళ్ళు దాటదు. ఏడు రాత్రులూ అక్కడే. పెట్టె ఒకసారి విప్పితే మళ్ళీ సర్దే పని లేదు. ఆ ఎక్సెల్ షీటు చూసుకుని నేను మురిసినంతగా మా అమ్మ నన్ను చూసి కూడా మురిసి ఉండదు.

శైలజ వేరే మాట చెప్పింది. వంతెన ఉన్న పల్లెలోనే, రొట్టెల కొట్టు వెనకాల, మెట్లు ఎక్కనక్కరలేని గది ఒకటి అద్దెకిస్తున్నారట. వంతెనకి వంద అడుగులు. నేను మైక్రోవేవ్ ఉందా అని అడిగాను. లేదంది. కేసు కొట్టేశాను.

పెద్ద మావయ్యగారు నా మ్యాపు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "అల్లుడూ, ఇంచీలు బాగానే కొలిచావు. ఇంచీకి ఎన్ని మలుపులున్నాయో చూశావా?"

"నలభై మైళ్ళే మావయ్యగారూ. మనం ఆన్ ఆర్బర్ పోయి దోసె తినొచ్చినట్టు."

వంతెనలు కట్టిన మనిషికి నేను రోడ్డు పాఠం చెబుతున్నానని ఆ క్షణాన నాకు తోచలేదు. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

ఆయనది అమెరికా పాస్‌పోర్టు, వీసా అక్కరలేదు. నాదీ శైలజదీ మన పాస్‌పోర్టులు. ప్రతి రాత్రీ ఎక్కడ పడుకుంటామో బుకింగు కాగితాలు చూపిస్తేనే వీసా. నేను ఆ హోటల్ కాగితం మూడు కాపీలు తీసి, పసుపు రంగు హైలైటర్‌తో గీతలు పెట్టి, చికాగోలో ఫ్రెంచి కాన్సులేటుకి ఇచ్చొచ్చాను. పదేళ్ళు హెచ్ వన్ ఉద్యోగ వీసా మీద బతికినవాడికి కాగితం మీద రాసిన అడ్రసు దేవుడి మాటతో సమానం. అమెరికాలో ఇల్లు మారితే పది రోజుల్లో ఫారం పంపాలి. ఆఫీసు ఊరు మారితే పిటిషన్ మార్చాలి. అలాంటి వాణ్ణి, ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఏడు రాత్రుల మాట ఇచ్చి రెండో అడ్రసులో కునుకు తీస్తానా?

ఫ్రాన్స్‌లో మొదటి రోజు నా నలభై మైళ్ళూ రెండుంపావు గంటలు పట్టాయి. ఆ రోడ్డుకి తిన్నగా పోవడమంటే నామోషీ కాబోలు. పల్లె చేరేసరికి మావయ్యగారి మోకాలు బిగుసుకుపోయింది. కారు దిగబోయి, పెదవి బిగబట్టి, మళ్ళీ కూర్చుండిపోయారు. వంతెనని అద్దంలోంచే చూశారు. చీకటి పడితే ఆ మలుపుల్లో నడపలేనని నేను నాలుగింటికే వెనక్కి తిప్పాను.

రెండో రోజు మోకాలికి విశ్రాంతి అన్నాం. మూడో రోజు మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ కారు దిగలేకపోయారు. నాలుగో రోజు దారి పొడుగునా నేను సీటు వెనక్కి జరిపి, ముందుకి జరిపి, నడుము దగ్గర దిండు పెట్టి, ఉద్యోగంలో నేర్చిన విద్యంతా చూపించాను. ఆయన మోకాలికి నా డిగ్రీ మీద ఏ మాత్రం గౌరవం లేదు.

రొట్టెల కొట్టు గది ఇంకా ఖాళీగానే ఉందని, ఆ రాత్రికి అక్కడ ఉండిపోదామని శైలజ అంది. నేను గొంతు తగ్గించి చెప్పాను. "అది వీసా ఫైల్లో లేదు. అవుట్ ఆఫ్ స్టేటస్ అయిపోతాం, వీసా చెల్లదు."

"రాత్రి పడుకోడానికి స్టేటస్ ఏంటండీ?"

"నీకు తెలీదు. రేపు గ్రీన్ కార్డు దగ్గర అడుగుతారు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. నా కుందేలుకు మూడు కాళ్ళతోపాటు వీసా కూడా ఉంది.

అయిదో రోజుకి మోకాలు వాచింది. కారు పల్లెలో ఆపాక పెద్ద మావయ్యగారు కిటికీలోంచి ఆ ఆరు కమానులూ చాలాసేపు చూశారు. తర్వాత నా భుజం తట్టారు. "పోన్లే అల్లుడూ. అప్పుడు పుస్తకంలో చూశాను, ఇప్పుడు కారులోంచి చూశాను. చాలు, పోదాం పద."

ఆయన తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. నేను తాళం తిప్పబోయాను. శైలజ చెయ్యి చాపి ఆ తాళం లాక్కుంది.

"మీ వీసాకి ఆ హోటల్ కావాలి కదా, మీరు వెళ్ళి అక్కడే పడుకోండి. పెదనాన్నకి వీసాతో పనిలేదు. నాది పోతే పోయింది."

ఇరవై నిమిషాల్లో మేం రొట్టెల కొట్టు వెనక గదిలో ఉన్నాం. మావయ్యగారు మంచం మీద కాలు చాపుకున్నారు, కొట్టావిడ మోకాలి కింద పెట్టడానికి పిండి బస్తా గుడ్డ మడిచి ఇచ్చింది. అందరూ హాయిగా ఉన్నారు. నాకు మాత్రం కూర్చుంటే మంచం గుచ్చుకుంటోంది, నించుంటే నేల గుచ్చుకుంటోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడి సంగతి మీరు విన్నారు. ఎవరూ ఏమీ అనకముందే, గుమ్మడికాయే లేకుండా, భుజాలు తడుముకుంటూ ఫైలు పట్టుకుని వీధి చివరి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే.

అక్కడున్న పెద్దాయనకి కాస్త ఇంగ్లీషు వచ్చు. ఏం పోయింది అని అడిగాడు. ఏమీ పోలేదన్నాను. ఎవరైనా కొట్టారా అన్నాడు. లేదు, నేనే నేరం చేశానని చెప్పాను. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. నేను పాస్‌పోర్టు, వీసా, హైలైటర్ గీతల బుకింగు వరసగా బల్ల మీద పరిచి, ఈ రాత్రికి ఈ అడ్రసులో కాకుండా రొట్టెల కొట్టు వెనకాల పడుకోబోతున్నానని వాంగ్మూలం ఇచ్చాను.

ఆయన కాగితం తిప్పి తిప్పి చూశాడు. "ఈ హోటల్ నుంచి ఇక్కడికి రోజూ కారులో వచ్చారా?"

"వచ్చాం సార్. అయిదు రోజుల్లో నాలుగుసార్లు."

"ఎందుకు?"

జవాబుగా నేను ఎక్సెల్ షీటు కూడా తీసి బల్ల మీద పెట్టాను. అడ్రసు మారితే నేరమేమీ లేదని, వెళ్ళి పడుకోమని ఆయన చెప్పాడు. మీరైతే దండం పెట్టి వచ్చేసేవారు. పదేళ్ళ హెచ్ వన్ రక్తం నాది. ఆ మాట రాసి, స్టాంపు వేసి ఇమ్మన్నాను. ఆయన నా బుకింగు కాగితం వెనకాలే ఫ్రెంచిలో ఒక వాక్యం రాసి, ఠప్పున స్టాంపు గుద్దాడు.

గదికి వచ్చి విజయగర్వంతో కొట్టావిడకి చూపించాను. ఆవిడ చదివి, గోడకి ఆనుకుని నవ్వి నవ్వి, పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో అర్థం చెప్పింది. "ఈ పెద్దమనిషి ఎక్కడ కావాలంటే అక్కడ పడుకోవచ్చు."

శైలజ మంచం మీద బోర్లా పడి నవ్వింది. మావయ్యగారు మోకాలు పట్టుకుని నవ్వారు.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, ఆయన చేతికర్రతో బయల్దేరారు. వంద అడుగులు నడిచి వంతెన ఎక్కారు. ఒక్కో కమాను దగ్గర ఆగి, గోడని అరచేత్తో తడిమి, రాళ్ళ మధ్య సున్నం గోటితో గీకి చూశారు. చేపలు పట్టే ఇద్దరు ముసలాళ్ళకి బరువు ఎటు నుంచి ఎటు దిగుతుందో చేతులతోనే తెలుగులో పాఠం చెప్పారు. వాళ్ళు ఫ్రెంచిలో ఔనన్నారు. ఆవలి ఒడ్డు చేరి, వెనక్కి తిరిగి, కర్ర పైకెత్తి మాకు చూపించారు. నా కళ్ళు నిండిపోయాయి. మా మావయ్యగారు నడిచారన్న గర్వం, తాళం లాక్కున్న పెళ్ళాం నా పెళ్ళామే అన్న గర్వం. నా గర్వానికి నేను చేసిన పని ఒక్కటీ లేదు, అయినా ఛాతీ ఉబ్బింది.

నోవై వచ్చాక, ఆపరేషన్ ముందు వారం, గుళ్ళో భోజనాల దగ్గర మావయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి ఎవరికో పరిచయం చేస్తున్నారు. ఎంత ముచ్చటగా ఏర్పాట్లు చేశాడో చెబుతారని పులిహోర ప్లేటు పట్టుకుని నిటారుగా నించున్నాను.

"మా అల్లుడండీ. నిద్రొస్తోందని పోలీసులకి లొంగిపోయిన మొట్టమొదటి తెలుగువాడు."

నవ్వకండి, ఆయన ఎంత గర్వంగా అన్నారో మీరు వినలేదు. అందుకని ఆ పులిహోర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మ్యాపు నడిమధ్యన బస చేయను. చూడాల్సిన దాని పక్కనే పడుకుంటాను. పిలవని పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కను. ఎవరైనా అనుమానపడితే నా దగ్గర స్టాంపు వేసిన కాగితం ఉంది. దానికి గడువు తేదీ లేదు.