యోహాను మేస్త్రీ ఎడమ చెయ్యి

ఆదివారం పొద్దున్నే బడంగ్‌పేట్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగి, మూలనున్న బండి మీది కవరు తీస్తే పాత నూనె, ఎండిన రబ్బరు, కొంచెం తుప్పు కలిసిన వాసన ముఖానికి తగులుతుంది. నాకు వారం ఆ వాసనతోనే మొదలవుతుంది. బండికి టాపు లేదు. ముందు చక్రాలు ఒంటికి ఎడంగా బయటికి ఉంటాయి. వెనక భాగం చేప తోకలా సన్నబడుతూ పోయి ముగుస్తుంది. ముదురు నేరేడు రంగు. ఒకప్పుడు ఇది అంబాసిడర్ అని చెబితే ఎవరూ నమ్మరు. ఇంతగా ఆకారం మారిన బండికి రోడ్డెక్కే కాగితాలు రావు కాబట్టి ఇది ఎక్కడికీ పోదు. ఎక్కడికీ పోని బండికి ఇంత సేవేమిటని మా ఆయన నవ్వుతాడు. నేను మెత్తటి గుడ్డ ముక్క ఎడమ అరచేతి కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని, బానెట్ నుంచి తోక దాకా నెమ్మదిగా తడుముతాను. అలా తడమడం నేర్పింది యోహాను మేస్త్రీ.

తెనాలి నుంచి గ్రూప్స్ కోచింగ్‌కని వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో మూడుసార్లు పరీక్ష తప్పిన రోజుల్లో ఆయన నాకు దొరికాడు. పిన్ని కొడుకు కారు అడిగి తీసుకుని, కొత్తపేటలో ఒక స్తంభానికి తలుపు గీరేశాను. వాడికి తెలిసేలోపు బాగు చేయించాలని ఎల్.బి.నగర్ వెనక సందులో ఒక రేకుల షెడ్డుకు పరిగెత్తాను. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, మాసిన ఖాకీ చొక్కా. సొట్ట తీస్తున్నంతసేపూ నేను పక్కన స్టూలు మీద కూర్చుని, రాజ్యాంగం నోట్సు అంచున ఆ కారు బొమ్మే గీస్తున్నాను. చదువు తప్ప ఏ పనైనా శ్రద్ధగా చేసే రోజులవి. ఆయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నోట్సు వైపు చాలాసేపు చూశాడు.

"గీత మంచిగుంది బిడ్డా. నాకొక బండి గీసిస్తవా?"

"గీస్తానండి. ఏ బండి?"

"ఇంకా లేదు. చెయ్యాలె."

షెడ్డు గోడకు విదేశీ పత్రికలోంచి చింపిన రంగు కాగితం ఒకటి అంటించి ఉంది. టాపు లేని, చక్రాలు బయటికొచ్చిన ఎర్ర బండి. పాత కార్లను కోసి అలా మార్చినవాటిని హాట్ రాడ్ అంటారని నాకూ అప్పటికి తెలియదు. దాని కింద తుక్కులో కొన్న అంబాసిడర్ ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది. "ముప్పై ఏండ్ల సంది సొట్టలు తీస్తున్న. ఎవడో గీసిన బండిని మల్ల వాడు గీసినట్టే చేసుడు. ఒక్కటన్న నేననుకున్నట్టు చేసి చూడాలె" అన్నాడు. అప్పటికే ఆయన కుడిచేతి రెండు వేళ్లు మొద్దుబారాయి. సుత్తి మానకపోతే చెయ్యే పోతుందని దవాఖానలో చెప్పారట. బండి అయ్యేదాకా ఆగమని చేతిని అడిగానని నవ్వాడు. ఆ మాట నాకు తర్వాత చాలాసార్లు నిద్ర లేకుండా చేసింది.

నేను కోచింగ్ మానకుండానే షెడ్డుకు అలవాటుపడ్డాను. మధ్యాహ్నాలు రేకుల కంతల్లోంచి ఎండ సన్నటి కడ్డీల్లా దిగేది. అందులో తుప్పు పొడి బంగారంలా తేలేది. నేను గీసేదాన్ని, ఆయన రేకు మీద సుద్దతో దించేవాడు. మా ఇద్దరికీ ఆ బండి ఎప్పుడో ఎక్కడో చూసినట్టే ఉండేది. గుడ్డ చేతికిచ్చి కళ్లు మూసుకోమనేవాడు. "కుడి చెయ్యి సుత్తిది. దెబ్బలు వినీ వినీ దానికి చెవుడొచ్చింది. ఎడమ చెయ్యితోటి చూడు." పుట్టీ అంటే ఆయనకు మంట. సొట్టను రేకుతోనే తీయాలి, మెత్తి కప్పకూడదు. అట్లా మెత్తినవాళ్ల గురించి ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఈస్టర్‌కు ఆయన వారం రోజులు ఊరికి పోయాడు. టాపు కోయాల్సిన చోట సుద్ద గీత ముందే గీసి ఉంది. గ్రైండర్ పట్టడం నాకు అప్పటికి వచ్చు. వచ్చేసరికి కోసి ఉంచితే ఆ చేతికి అంత శ్రమ తగ్గుతుంది కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే మెచ్చుకుంటాడనీ అనుకున్నాను. కాగితం మీద టాపు చెరిపేస్తే కింది గీత ఉన్నచోటే ఉంటుంది. ఇనుము కాగితం కాదని నాకు తట్టలేదు. టాపు కింది చివరి స్తంభం తెగగానే బండి చిన్నగా నిట్టూర్చినట్టు చప్పుడైంది. నడిమి భాగం వేలెడు కిందికి కుంగింది. తలుపులు రెండూ బిగుసుకుపోయాయి. ఎంత లాగినా రాలేదు.

ఆయన బస్సు దిగి నేరుగా షెడ్డుకే వచ్చాడు, పండగ తెల్లచొక్కాతోనే. వంగి తలుపు కింద అరచెయ్యి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు.

"టాపంటే ఉత్త మూతనుకున్నవా? గదే దీని నడుము. ముందు లోపల అడ్డం కడ్డీలు అతకాలె. గప్పుడు కొయ్యాలె."

"తెలీదండి. మీ చేతికి పని తగ్గుతుందని..."

"తగ్గలే. ఇంకిన్ని నెలలు పెరిగింది." నేను ఏడుస్తుంటే అన్నాడు: "నీ ఏడుపుకు రేకు లేవది బిడ్డా. పోయి జాకీ తే."

నడుము కింద చెక్క దిమ్మ, దాని కింద జాకీ. రోజుకు అర చుట్టు, అంతే. రోజూ ఏడింటికి నేనే తిప్పాలి. ఒకసారి తొందరపడి ముప్పావు తిప్పితే వెనక్కి తిప్పించాడు. "దాన్ని పరేషాన్ చెయ్యకు. అలవాటు పడనియ్యి." అర చుట్టు తిప్పి, టీ తాగి, క్లాసుకు పోయేదాన్ని. ఎండలు పోయి వానలు వచ్చాయి. రేకుల మీద వాన హోరులో ఒక పొద్దున ఆయన తలుపును వేలితో నెట్టాడు. టక్కుమని మూసుకుంది. తీసి మళ్లీ మూశాడు, మళ్లీ తీశాడు. ఆ రోజే అడుగున ఇనుప గొట్టాలు అతికి నడుము నిలబెట్టాడు.

నా తప్పు తినేసిన ఆ నెలలు ఆయన చేతికి ఎక్కడ తగ్గాయో తోక చేసేటప్పుడు తెలిసింది. ఎడమ సగం ఆయనే కొట్టాడు. కుడి సగం మొదలుపెట్టిన రోజు సుత్తి చేతిలోంచి జారి నేల మీద పడింది. తీశాడు, మళ్లీ పడింది. మూడోసారి తీసి, పిడి నా వైపు తిప్పి పట్టుకున్నాడు.

"నాకు రాదు మేస్త్రీగారూ. ఇది మీ బండి."

"నువ్వు కొట్టు. నేను చూస్తా." కళ్లు మూసుకుని ఎడమ అరచెయ్యి రేకు మీద పెట్టాడు. "గీడ. ఇంక జర. ఊకో. గిప్పుడు పైకి." నెల రోజులు ఆ గొంతు చెప్పినట్టు కొట్టాను. ఒక్కచోట, సరిగ్గా ఆయన సగం ఆగి నా సగం మొదలైన చోట, దెబ్బ ఎక్కువ పడి చిన్న సొట్టయింది. నేను సిగ్గుతో పక్క దెబ్బకు సుత్తి ఎత్తాను. ఆయన చెయ్యి ముందుకు జరిగింది.

రంగు ఆరాక ఒక ఆదివారం చర్చి అయ్యాక బండిని లారీ మీద ఎక్కించి తుర్కయంజాల్ అవతల ఒక వెంచర్‌కు తీసుకుపోయాం. రోడ్లు వేసి, ఇళ్లింకా కట్టని ప్లాట్లు. తెల్ల రాళ్లు, గడ్డి, గాలి. అప్పుడు నాకు తెలిసింది, ఆయనకు బండి నడపడం రాదని. నేను నడిపాను, ఆయన పక్కన కూర్చుని ఎడమ చెయ్యి తలుపు బయట రేకు మీద ఆనించాడు. ఎక్కడికీ వెళ్లని ఆ రోడ్ల మీద అరగంట తిరిగాం. దిగాక తోక మొత్తం తడిమి, ఆ సొట్ట దగ్గర ఆగాడు.

"పుట్టీ పెట్టమంటారా?" అన్నాను.

"వద్దు. ఉండనియ్యి. చెయ్యి పెడితే దొరకాలె."

రెండేళ్లకు ఆయన పోయాడు. "నువ్వే తీస్కపో బిడ్డా, ఈడ వానకు తుప్పు పడ్తది" అని ఆయన భార్య నాకు కబురు పెట్టింది. నేను పరీక్ష ఎప్పటికీ గట్టెక్కలేదు. ఇనుప తలుపులు, మెట్ల కమ్ములు గీసే పనిలో ఉన్నాను. ఏది చెరిపేముందైనా, అది దేన్ని మోస్తోందో చూస్తాను.

ఆదివారం పొద్దున తోక మీద ఎడమ చెయ్యి నడుస్తూ పోతుంది. ఆయన కొట్టిన సగంలో చేతికి ఏమీ తగలదు, ఒక్క దెబ్బ గుర్తు కూడా. అంత నునుపులో మనిషిని ఎక్కడని వెతకను? తర్వాత, ఆయన సగం ఆగినచోట, నా సొట్ట వేలికి తగులుతుంది. అక్కడ ఆగుతాను. ఆయన చెయ్యి ఇక్కడిదాకా వచ్చింది.