ఫొటో వెనక సంతకం

నిన్న పొద్దున పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబులు మా వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని ఒక ఫారం నా ముందుకు తోశాడు. మా పై వాటాలో రెండు నెలలుగా అద్దెకుంటున్న అమ్మాయిది. ఫొటో అప్పుడే అంటించినట్టుంది, తడి జిగురు వాసన గుప్పుమంది. "ఇరుగుపొరుగు సాక్షి కింద మీరో సంతకం పడెయ్యండి సార్, ఇంకా నాలుగిళ్ళు తిరగాలి," అన్నాడు. పెన్ను తీసుకున్నానే గాని చెయ్యి కదల్లేదు. నలభై ఏళ్ళ కిందట బహ్రెయిన్‌లో, ఉప్పుగాలికి కిటికీ అద్దాలు ఎప్పుడూ మసకబారి ఉండే ఒక గదిలో, ఇదే జిగురు వాసన మధ్య కూర్చుని ఒక మనిషి నన్నడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. "ఈవిడ నీకు ఎలా తెలుసు, రత్నం?"

ఆయన పేరు డోలన్. ఐర్లండు దేశస్థుడు. దెబ్బతిన్న ఓడలను పరిశీలించి రిపోర్టులు రాసే చిన్న కంపెనీ అక్కడి రాజధాని మనామాలో నడిపేవాడు. నేను అందులో టైపిస్టుని. ఐర్లండుకు బహ్రెయిన్‌లో ఎంబసీ లేదు కాబట్టి వాళ్ళ ప్రభుత్వం ఈయన్ని జీతంలేని ప్రతినిధిగా పెట్టుకుంది. ఆ హోదాను ఆనరరీ కాన్సల్ అంటారని నాకు అక్కడే తెలిసింది. ప్రతి మంగళవారం ఓడల ఫైళ్ళు పక్కకు నెట్టి ఐరిష్ వాళ్ళ పాస్‌పోర్టు దరఖాస్తులు తీసుకునేవాడు. వాటిని సరిచూసి, పక్కదేశంలో ఉన్న వాళ్ళ ఎంబసీకి పంపాలి. సరిచూడడం అన్నానా, అది చిన్నమాట. అనుమానం పెనుభూతం అంటారే, ఆ భూతం మంగళవారం మంగళవారం మా ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఏ సర్టిఫికెట్ వచ్చినా ముందు కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టేవాడు. తర్వాత మడతలు చూసేవాడు, తర్వాత వెనక్కి తిప్పి చూసేవాడు. ఎదుటి మనిషి మొహం చూడడం అన్నిటికన్నా చివర.

ఒకసారి లండన్‌లో పుట్టిన ఇంజినీరు ఒకాయన, తన నాయనమ్మ ఐర్లండులో పుట్టిందని, కాబట్టి తనకూ పౌరసత్వం వస్తుందని ఆమె జనన ధ్రువపత్రం పట్టుకొచ్చాడు. నాయనమ్మో తాతో అక్కడ పుట్టినవాళ్ళయితే, అది రుజువు చేసి పేరు నమోదు చేయించుకుంటే ఆ హక్కు వచ్చే మాట నిజమే. డోలన్ ఆమె పెళ్ళి కాగితం కూడా తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి, వేళ్ళమీద ఏదో లెక్కించాడు. "ఈ కాగితం ప్రకారం పెళ్ళినాటికి ఆమెకు పన్నెండేళ్ళు. మీకు నాయనమ్మ ఉన్నమాట నిజమే. కాని ఈవిడ కాదు, అదే పేరున్న ఇంకొకామె," అన్నాడు. ఆ ఇంజినీరు మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను మాత్రం టైపు మిషను వెనక తలదించుకుని నవ్వుకున్నాను. ఆ అనుమానం నా వైపు తిరిగిన రోజున నవ్వు రాలేదు.

శౌరమ్మ గుంటూరు జిల్లా పిల్ల. మనామాలో ఒక క్లినిక్కులో నర్సు. మాది లూథరన్ సంఘం, ఆమెది కేథలిక్ మతం, అయినా తెలుగు మాట కోసం మా శుక్రవారం కూడికకు అప్పుడప్పుడూ వచ్చేది. హిద్ దగ్గర ఓడల మరమ్మతు డాక్‌లో పనిచేసే ఫ్రాంక్ అనే ఐరిష్ ఫోర్‌మన్ తెగిన చేతికి కట్టు కట్టించుకోవడానికి వచ్చి ఆమెను ఇష్టపడ్డాడు. సెలవులో ఇద్దరూ వెళ్ళి శౌరమ్మ ఊరి చర్చిలో పెళ్ళి చేసుకుని వచ్చారు. ఆమెకు అయిదో నెలప్పుడు అతను డాక్‌లో పరంజా మీంచి పడి చనిపోయాడు. అతని సామానంతా పెట్టెలో సర్ది కంపెనీవాళ్ళు ఐర్లండుకు పంపేశారు. పెళ్ళి సర్టిఫికెట్ అసలు ప్రతి ఆ పెట్టెలోనే పోయింది. ఆమె ఊరినుంచి నకలు తెప్పించుకుంది. అత్తకు మూడు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబు రాలేదు.

పుట్టిన ఆడపిల్లకు బ్రిజిత అని పేరు పెట్టింది. ఆ బిడ్డ ఏ దేశానికీ చెందదు, చిక్కంతా అక్కడుంది. బహ్రెయిన్‌లో పుట్టినంత మాత్రాన అక్కడి పౌరసత్వం రాదు. మన ఎంబసీకి వెళితే, పైదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైతేనే పౌరసత్వం, తల్లినిబట్టి రాదు అన్నారు. అప్పటి చట్టం అంతే. ఇక మిగిలింది ఐరిష్ పాస్‌పోర్టు ఒక్కటే. శౌరమ్మ ఉద్యోగ ఒప్పందం సెప్టెంబరుతో అయిపోతుంది, వీసా దానితోపాటే ముగుస్తుంది. తల్లి విమానం ఎక్కాలి, చంకలో బిడ్డకు ఏ కాగితమూ లేదు. మేలో ఆమె దరఖాస్తు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది.

బిడ్డ ఫొటో వెనక, ఆ బిడ్డను స్వయంగా ఎరిగిన, బంధువు కాని బాధ్యతగల మనిషి సంతకం చెయ్యాలి. "మా డాక్టరుగార్ని అడగనా అన్నయ్యా?" అంది శౌరమ్మ. "నేనున్నానుగా చెల్లెమ్మా, డాక్టర్లెందుకు," అని సంతకం గీకేశాను. పెద్దరికం ఊరికే వస్తుంటే ఎవడు కాదంటాడు? ఫొటో వెనక సిరా తొందరగా ఆరదు, ఉఫ్ ఉఫ్ మని ఊది మరీ ఇచ్చాను.

డోలన్ ఫొటో తిప్పాడు. చాలాసేపు చూశాడు. ఆయన మాటలు ఇంగ్లీషువే, కాని ఇన్నేళ్ళలో నా జ్ఞాపకంలో తెలుగైపోయాయి.

"ఈవిడ నీకు ఎలా తెలుసు, రత్నం?"

"మావాళ్ళే సార్. మా జిల్లానే."

"మీ జిల్లాలో ఎంతమంది ఉంటారు?"

"లక్షల్లో ఉంటారు సార్."

"వాళ్ళందరి కోసం సంతకం పెడతావా? సరే, బిడ్డ కళ్ళు ఏ రంగు?"

నలుపు తెలుపు ఫొటో అది. బిడ్డను నేను ఒక్కసారి, అదీ దూరంనుంచి చూశాను. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. ఆయన ఎర్ర పెన్సిలుతో నా సంతకం మీద గీత కొట్టి, ఫొటోను నా చేతిలోనే పెట్టాడు. శౌరమ్మ ఎదురుగానే. మనవాళ్ళే కదా అని కళ్ళుమూసుకుని హామీ ఇవ్వడం మనకు పెద్ద గొప్ప. అది గొప్ప కాదు బద్ధకమని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ పూట మాత్రం ఒళ్ళు మండిపోయింది.

తర్వాత ఆయన శౌరమ్మ వైపు తిరిగి, ఫ్రాంక్‌కు అంతకుముందు పెళ్ళయిందా అని సూటిగా అడిగాడు. లేదందామె. "మీకు అలా చెప్పాడు," అన్నాడాయన. "మా దేశంలో విడాకులు లేవమ్మా. అక్కడ అతనికి భార్య ఉండి ఉంటే మీ పెళ్ళి చెల్లదు. పెళ్ళి చెల్లకపోతే తండ్రివైపునుంచి ఈ బిడ్డకు హక్కు రాదు. అతని తల్లి జవాబు ఎందుకు రాయడం లేదు?"

పెళ్ళికి ముందు ఫ్రాంక్ తన బాప్టిజం కాగితం చూపించాడని, అది చూశాకే తమ ఊరి ఫాదరు పెళ్ళి చేశాడని ఆమె చెప్పింది. అది అతను ఇల్లు వదిలేముందు తీసుకున్న పాత కాగితం, దానితో లాభం లేదన్నాడు డోలన్. కేథలిక్ చర్చిలో మనిషి బాప్టిజం ఏ పేజీలో రాస్తారో, ఎప్పుడు ఎక్కడ పెళ్ళి చేసుకున్నా దాన్ని ఆ పేజీ అంచున రాస్తారట. అతని సొంత ఊరి చర్చినుంచి ఇప్పుడు కొత్తగా కాగితం వస్తే, ఆ అంచున ఏముందో తెలుస్తుంది, తానే రాసి తెప్పిస్తానన్నాడు.

శౌరమ్మ నావైపు తిరిగి తెలుగులో అంది, "చచ్చిపోయిన మనిషిని అనుమానిస్తాడేంటన్నయ్యా? ఆయనొచ్చి జవాబు చెప్పుకోలేడుగా!" బిడ్డ సంగతి ఎలా ఉన్నా, ఆ అంచు మీద ఇంకో ఆడదాని పేరుంటే ఈమె గతేమిటని నాకు భయం పట్టుకుంది.

రెండు నెలలు గడిచాయి, జవాబు లేదు. మా డ్రైవరు లింగయ్యది జగిత్యాల వైపు. ఒకరోజు టీ తాగుతూ నాతో అన్నాడు. "సారు నిన్న మల్ల హిద్ పోయిండన్నా. ఆ సచ్చిపోయినాయన రూముల ఉన్నోళ్ళను కూసోబెట్టి అడుగుతుండు. ఆయనకు ఉత్తరాలు ఎక్కడికెల్లి వస్తుండె, ఎవరు రాస్తుండె అని. గింత అనుమానమేందన్నా? పోలీసోళ్ళు గూడ గిట్ల అడగరు." అప్పుడు నాకు పుట్టింది అసలు అనుమానం, ఆయన మీద. ఈయనకు కావలసింది నిజం కాదు, కాదనడానికి ఒక సాకు అనుకున్నాను. చామనఛాయ బిడ్డ చేతిలో వీణగుర్తు ఉన్న ఆ ఆకుపచ్చ పాస్‌పోర్టు పెట్టడం ఈ తెల్లాయనకు ఇష్టం లేదు అనుకున్నాను. ఆఫీసునుంచి వెళ్ళే ఉత్తరాలన్నీ రాసే రిజిస్టరు తీసి చూశాను. మే నుంచి జూలైదాకా ఆ ఊరి చర్చికి వెళ్ళిన ఉత్తరం ఒక్కటీ లేదు. దొంగ దొరికాడనిపించింది. అడిగే ధైర్యం మాత్రం రాలేదు, ఎందుకంటే నా వీసా ఆయన చేతిలో ఉంది.

ఆమెకు సాయపడలేకపోయానన్న సిగ్గుతో, శుక్రవారాలు శౌరమ్మ ఉండే నర్సుల క్వార్టర్సు వరండాకు వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఉత్తరం పోలేదని ఆమెకు చెప్పలేదు. ఆమె బట్టలు ఆరేసుకునేదాకా బిడ్డను ఎత్తుకునేవాణ్ణి. అంతకన్నా చేయగలిగిందేమీ లేదు.

ఆగస్టులో ఒక మంగళవారం డోలన్ నన్ను లోపలికి పిలిచి ఒక కవరు ముందుకు జరిపాడు. పల్లెటూరి ఫాదరు చేతిరాత. ఫ్రాంక్ బాప్టిజం పేజీ నకలు. అంచున ఒకే ఒక్క పెళ్ళి రాసి ఉంది. గుంటూరు జిల్లాలో ఆ చర్చి పేరు, పెళ్ళి తేదీ, పక్కన శౌరమ్మ పేరు ఇంటిపేరుతో సహా. పెళ్ళి చేసిన మన తెలుగు ఫాదరు పద్ధతి ప్రకారం అక్కడికి కబురు రాశాడట, ఈ పల్లెటూరి ఫాదరు అది అందిన రోజే రాసుకున్నాడట. ఎక్కడో సముద్రాల అవతల, ఎవరూ చూడని పుస్తకంలో, మా జిల్లా పిల్ల పేరు రెండేళ్ళుగా కూర్చుని ఉంది. కింద ఇంకో రెండు ముక్కలున్నాయి. ఫ్రాంక్ తల్లి ఆ మూడు ఉత్తరాలూ విప్పకుండా దాచుకుందట, విప్పితే అందులో కొడుకు చావు గురించి ఏముంటుందోనన్న భయంతో. తాను వెళ్ళి చదివి వినిపించాననీ, ఆమె బిడ్డ ఫొటో అడుగుతోందనీ రాశాడు.

"మీరు రాసినట్టు రిజిస్టరులో లేదు సార్," అన్నాను, ఇంకేమీ తోచక.

"నువ్వు చూశావని తెలుసు. సర్కారు ముద్రతో అడిగితే అడిగిందానికే జవాబొస్తుంది. అందుకని నా సొంత ఉత్తరంగా చేత్తో రాశాను, రెండుసార్లు." ఫాదరు ఉత్తరం ఫైల్లో పెడుతూ మళ్ళీ అన్నాడు. "వెనకొకసారి నమ్మి ఒక బిడ్డ దరఖాస్తు పంపాను. ఆ పిల్లవాడి పాస్‌పోర్టు మూడేళ్ళ తర్వాత వెనక్కి తీసుకున్నారు. అప్పటికి వాడు బడికి వెళుతున్నాడు. ఈ బిడ్డను అడగవలసినవన్నీ నేనే అడిగేస్తే, ఇంకెవడూ అడగడానికి ఏమీ మిగలదు."

కవరు పక్కన, శౌరమ్మ ఇచ్చిన కొత్త ఫొటో పెట్టాడు. "బిడ్డ ఇప్పుడు నీకు తెలుసా?"

"కళ్ళు తేనెరంగు సార్. ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ. ఏడుస్తుంటే ఎత్తుకుని ఫ్యాను కింద నిలబడితే ఊరుకుంటుంది. నా చొక్కా గుండీలు నోట్లో పెట్టుకుంటుంది."

ఆయన నవ్వలేదు. జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చాడు. సిరా ఆరేదాకా ఇద్దరం ఆ ఫొటో వైపే చూస్తూ కూర్చున్నాం. సెప్టెంబరు మూడో వారంలో శౌరమ్మ బిడ్డనెత్తుకుని, కొత్త పాస్‌పోర్టు పట్టుకుని మన దేశం విమానం ఎక్కింది. నేను ఇంకా నాలుగేళ్ళు ఆయన దగ్గరే పనిచేశాను. నన్ను ఇంకెవరూ అంత అనుమానించలేదు, అంత నేర్పనూ లేదు.

నిన్న కానిస్టేబులుతో ఆగమని చెప్పి మెట్లెక్కాను. ఆ అమ్మాయి తలుపు సగమే తీసింది. ఊరేది, ఏం చదివింది, ఎక్కడ పనిచేస్తోంది అని నేను అడుగుతుంటే, "ఇవన్నీ మీకెందుకండీ?" అంది. ఆమె అనుమానం నాకు నచ్చింది. "నీ కోసం సంతకం పెట్టమంటున్నారమ్మా. రెండు నెలలుగా మా నెత్తిమీద తిరుగుతున్నావు, నీ పేరు కూడా ఇందాక ఫారంలో చూసేదాకా నాకు తెలీదు," అన్నాను. అప్పుడు తలుపు పూర్తిగా తీసి, టీ పెడతాను కూర్చోమంది. కిందనుంచి కానిస్టేబులు కేకేస్తున్నాడు. వరండా గోడమీంచి వంగి, మంగళవారం రమ్మన్నాను.