మా తోడికోడలి గీత

మొన్న పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, ఎదురు కుర్చీలో ఒక కాలేజీ పిల్ల ఒళ్ళో గుడ్డసంచీ పెట్టుకుని ఫోను చూసుకుంటోంది. సంచీ మీద నలుపూ తెలుపూ బొమ్మ. నేలంతా ఈడ్చుకుపోయే అంగీ వేసుకున్న ఆడమనిషి, అంగీ నిండా నెమలికళ్ళు, ముఖం నిండా పొగరు. చూడగానే గుర్తుపట్టాను. "ఎవరి బొమ్మమ్మా అది?" అని అడిగాను. "తెలీదాంటీ, ఆన్‌లైన్‌లో కొన్నా. బావుంది కదా?" అంది. బావుంది. బావుండకపోతే నాకేం బాధ? నూరేళ్ళు దాటిన బొమ్మ. వేసినవాడు పాతికేళ్ళకే క్షయతో పోయాడు. అయినా ఇవాళ పేరు కూడా తెలియని పిల్లల ఒళ్ళో దర్జాగా కూర్చున్నాడు. నా బొమ్మలున్న పత్రికలు మాత్రం ఎప్పుడో పకోడీల పొట్లాలయిపోయాయి. నాకు మంట పుడుతోంది పంట్లో కాదని డాక్టరుకి చెప్పలేదు.

తొంభైల్లో మేం ఖతార్‌లో, దోహా పక్కనే అల్ రయ్యాన్‌లో ఉండేవాళ్ళం. పెద్ద విల్లాకి లోపల గోడలు కట్టి వాటాలు చేసి అద్దెకిచ్చారు. ఒక వాటాలో మేము, మా వంటగది గోడకవతల మా మరిది. పెళ్ళికి ముందు కాకినాడలో ఉన్నప్పటినుంచీ నేనొక వారపత్రికకి కథల బొమ్మలు వేసేదాన్ని. దోహా వచ్చాక కూడా మానలేదు. ఎడిటరుగారు కథలు పోస్టులో పంపేవారు. నేను బొమ్మలు వేసి, సెలవు మీద ఊరెళ్ళే వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చేతికిచ్చి పంపేదాన్ని. అల్ ఖోర్ నుంచి అల్ వక్రా దాకా తెలుగువాళ్ళందరికీ నేను 'బొమ్మలావిడ'ని. పుట్టినరోజు బేనరుకైనా, క్రిస్మస్ నాటకం తెరకైనా నా గుమ్మం ఎక్కాల్సిందే. ఆ గొప్ప నాకెంత ఇష్టమో అది జారిపోతున్నప్పుడు గానీ నాకే తెలీలేదు.

మా ఆయన పనిచేసే కంపెనీ మేనేజరు ఇంగ్లండు మనిషి. వాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోతూ సామాన్లు పంచిపెడుతుంటే, అందరూ సోఫాలకీ మిక్సీలకీ ఎగబడ్డారు, నేనొక పెద్ద పుస్తకం మోసుకొచ్చుకున్నాను. విక్టోరియా రాణి చివరి రోజుల్లో లండన్‌లో పుస్తకాలకి బొమ్మలు వేసిన ఒక కుర్రాడి పనంతా, ఆ నెమలికళ్ళ అంగీతో సహా, అందులో ఉంది. పగటిపూట కూడా కిటికీ తెరలు మూసేసి, కొవ్వొత్తి వెలుగులో గీసేవాడట. అక్కడి పెద్దమనుషులు చెడిపోయిన బుద్ధి అని తిట్టి, తిట్టినవాళ్ళే మళ్ళీ కొనుక్కుని చూసేవారట. ఇదంతా మేనేజరుగారి భార్య చెప్పింది. తలవెంట్రుకలాంటి సన్నటి గీత, దాని పక్కనే సిరాబుడ్డి ఒలికినంత నలుపు, మిగతాదంతా ఉత్త తెలుపు. కళ్ళు సగం మూసిన దొరసానులు, మరుగుజ్జులు, తెగిన తలని రెండు చేతులా ఎత్తి పట్టుకుని దాన్ని ముద్దుపెట్టుకోబోతున్న ఒక నాట్యకత్తె. అసహ్యం వేసేది, పేజీ తిప్పబుద్ధయ్యేది కాదు. పుస్తకం అంతకుముందు ఎవరెవరి చేతులు దాటొచ్చిందో గానీ, ఆడవాళ్ళ ఒళ్ళు కనిపించే చోటల్లా ఎవరో లావుపాటి మార్కరుతో నల్లగా పూసేశారు. అసలు బొమ్మలోనూ నలుపే. ఏది ఆయన నలుపో, ఏది మార్కరు నలుపో నాకు తేలేది కాదు. మా ఆయన, "ఇద్దరూ కలిసి వేశారనుకో, సరిపోతుంది" అనేవారు.

ఇంతలో మా మరిదికి పెళ్ళయి, అమలాపురం వైపు పల్లె నుంచి మా తోడికోడలు వచ్చింది. సన్నగా, మాట్లాడితే వినిపించనంత మెల్లగా ఉండేది. బొమ్మలు వేస్తుందని ఎవరూ చెప్పలేదు. ఒక శుక్రవారం అన్నదమ్ములిద్దరూ చేపల కోసం వక్రా వెళ్ళారు. ఆ పిల్ల కిటికీ పక్కన నా పుస్తకం పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి "అక్కా, ఇది ఆయన నలుపు కాదు" అంది. "నీకెలా తెలుసు?" అన్నాను. "వాలుగా పట్టుకుని చూడండి. ఇది ఊదాగా మెరుస్తోంది, ఆయనది మెరవదు." నిజమే. నేను అన్నాళ్ళూ ముందేసుకు కూర్చున్నది ఈ పుస్తకమేనా అనిపించింది. అంతటితో ఊరుకుందా, నా ట్రేసింగ్ కాయితం ఒకటి మార్కరు మచ్చ మీద పరిచి, నా పెన్ను తీసుకుని, కింద ఉండాల్సిన వీపునీ నడుమునీ ఒక్క గీతలో లాగేసింది. "భుజం ఇటు తిరిగితే నడుం అటే పోవాలి కదక్కా" అంది, చీర మడత చెప్పినంత తేలిగ్గా. నాకు కాయితం మీద ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. చీరకి పువ్వులు, గోడకి పగుళ్ళు, ఆకాశంలో పిట్టలు, ఏదో ఒకటి పెట్టేస్తాను. ఆ పిల్ల ఖాళీని ఖాళీగా వదిలేసింది. ఆ తెలుపే ఒళ్ళయింది. "బావుందమ్మా" అని, వంటగదిలోకి పోయి అవసరం లేనన్ని ఉల్లిపాయలు తరిగాను.

తరవాత కొన్నాళ్ళకే బాత్‌రూములో జారిపడి కుడి మణికట్టుకి సిమెంటు కట్టు వేయించుకున్నాను. చేతిలో ఒక కథ ఉంది, కాకినాడ వెళ్ళే మనిషి ప్రయాణం మర్నాడే. గత్యంతరం లేక మా తోడికోడల్ని వెయ్యమన్నాను. కాలవలో మునిగి ఒడ్డెక్కుతున్న ఆడమనిషిని వేసింది. వెనకనుంచి. తడి జుట్టు ఒక్క నల్లటి ముద్ద, వీపు ఒక్క తెల్లటి గీత, అంతే. ఆ బొమ్మ అచ్చయిన వారం, ఎన్నడూ లేనిది, ఎడిటరుగారు ఫోన్ చేశారు. "అమ్మా, ఆ చెయ్యి ఎవరిది?" అన్నారు. "మా తోడికోడలిదండీ" అన్నాను. "ఇకనుంచి ఆవిడ చేతే వేయించండి" అన్నారు. నా చెయ్యి ఎలా ఉందని మాత్రం అడగలేదు.

ఆ పత్రిక ఊళ్ళో మా మామగారూ చూశారు. వేసిందెవరో బొమ్మ పట్టుకెళ్ళిన మనిషి చెప్పాడట. "మీ ఆవిడ ఆడవాళ్ళ వీపులు గీసి ఊరంతా పంచుతోందిరా" అని మరిదికి ఫోన్ చేశారు. మరిది సిరాబుడ్డి సింకులో ఒంపేసి, ఇక బొమ్మలు మాఫీ అన్నాడు. ఏదైనా లేదనాలంటే ఆ అరబ్బీ మాటే అతనికి అలవాటు. ఆ పిల్ల మా వాటాకొచ్చి నా ఎదురుగా కూర్చుంది. "అక్కా, ఆయన మీ మాట వింటారు. ఒక్కసారి చెప్పండి" అంది.

నాకింకేం కావాలి? నేనేమీ అడ్డుపడక్కర్లేదు. 'ఇంటి పరువమ్మా' అని ఒక్క ముక్క అంటే చాలు, అందరూ నన్నే బుద్ధిమంతురాలంటారు, ఎడిటరుగారు మళ్ళీ నా దగ్గరికే వస్తారు. ఆ పిల్లే మళ్ళీ అంది: "మీ పుస్తకంలో బొమ్మలాయన కూడా పోయేముందు దేవుడి భక్తిలో పడి, ఆ పాడు బొమ్మలన్నీ నాశనం చెయ్యమన్నాడని చదివారు కదక్కా. మరి చేశారా?"

"చెయ్యలేదు. అచ్చువేసినాయన దాచాడు."

"అందుకే మనదాకా వచ్చాయి" అంది. కళ్ళలో నీళ్ళు లేవు. ఉంటే బహుశా నేను ఓదార్చి పంపేసేదాన్ని.

సాయంత్రం మరిది డ్యూటీ నుంచి రాగానే వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను. "ఏమయ్యా, ఆ వీపు చూసి సిగ్గేసిందా, మీ ఆవిడకి పేరొస్తుందని భయమేసిందా?"

"అది కాదు వదినా, నాన్న..."

"మామగారితో నేను మాట్లాడతాను. ఆ బొమ్మ వెయ్యమన్నది నేను. కోప్పడితే నన్ను కోప్పడమను."

అతను నావంకా, వాళ్ళావిడవంకా చూసి, చెప్పులు విప్పుకుని లోపలికెళ్ళాడు. మర్నాడు కొత్త సిరాబుడ్డి అతనే తెచ్చాడు. నేనెందుకలా చేశానో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడనిపిస్తుంది, ఆ గీతని చూసి ఏడ్వాలన్నా అది ముందు కాయితం మీద ఉండాలి కదా.

నా మణికట్టు అతుక్కుంది. పత్రికలో నాకు వంటల పేజీ ఇచ్చారు, చాలాకాలం వంకాయలూ దోసకాయలూ వేశాను. మా తోడికోడలు పుస్తకాలకి అట్టబొమ్మలు వేసింది, ఇప్పటికీ వేస్తోంది. విశాఖపట్నంలో కొత్త పుస్తకాల సభల్లో ఎవరైనా అడిగితే, "మా అక్క ఇంట్లోనే నేర్చుకున్నాను" అంటుంది. జనం నాకు నమస్కారాలు పెడతారు, నేను తల ఊపుతాను. నా లోపల ఏముందో ఆ పిల్లకి మొదటినుంచీ తెలుసనే నా అనుమానం. తెలిసీ నన్ను ముందు వరుసలో కూర్చోబెడుతుంది. ఇన్నేళ్ళలో కాలం నా మోకాళ్ళని అరగదీసింది, చూపుని మసకబార్చింది, చేతికి వణుకు పెట్టింది. ఆ గీత మీద నా అసూయని మాత్రం, పాపం ఇదొక్కటైనా ఉండనీ అనుకుందో ఏమో, ముట్టుకోకుండా నాకే వదిలేసింది.