గడప దాకా వచ్చిన మనిషి

మా శాఖా గ్రంథాలయంలో అన్నిటికంటే ముందు చిరిగిపోయేవి దయ్యాల నవలలు. ముప్పై ఏళ్లు వాటికి జిగురు పూసి, అట్టలు వేసి మళ్లీ అరల్లో పెట్టాను. తీరిక ఉన్నప్పుడు చదివాను కూడా. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ సంగతి ఎవరికైనా చెప్పడం నాకు కష్టంగా ఉంది.

నా భార్య యశోద పోయిన సంవత్సరం చనిపోయింది. చిరాగ్‌పల్లి బడిలో టీచరుగా పనిచేసి రిటైరయింది. అప్పుడొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక కంప్యూటర్ కొనుక్కుంది. దాంతోపాటు ఒక ఆట సీడీ తెచ్చుకుంది. అందులో మనమే ఇల్లు కట్టాలి, మనుషులను పెట్టాలి. వాళ్లు వండుకుంటారు, తింటారు, పనికి పోతారు, నిద్రపోతారు. గెలవడం ఓడడం ఏమీ లేదు.

మధ్యాహ్నం పూట ఆమె దాని ముందు కూర్చుంటే నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"బొమ్మలకు అన్నం పెట్టినవా?"

"పెట్టిన. మీకంటే నయం, పెట్టినప్పుడే తింటరు."

అంతకు మించి ఎప్పుడూ అడగలేదు. తెర వైపు తొంగి చూడలేదు. ఇప్పుడు తలచుకుంటే అది నాకు సిగ్గుగా ఉంటుంది.

ఆమె పోయిన మూడు నెలలకు ఆ కంప్యూటర్ కూడా పాడైంది. బస్టాండు దగ్గర రిపేరు దుకాణం నడిపే ఖాజాను పిలిచాను. నాకంటే పదేళ్లు చిన్నవాడు, ఒకప్పుడు మా గ్రంథాలయానికి రోజూ వచ్చేవాడు. బోర్డు కాలిపోయిందనీ, హార్డ్ డిస్క్ మాత్రం బాగానే ఉందనీ చెప్పాడు. అందులోని ఆట ఫైళ్లన్నీ ఒక చిన్న మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చాడు. ఆ కార్డు పక్కన గోరంత మీట ఉంటుంది. దాన్ని కిందికి జరిపితే కార్డు మీద ఎవరూ ఏమీ రాయలేరు, చదవడం మాత్రమే వీలవుతుంది. ఆ మీట జరిపి ఇమ్మని నేనే అడిగాను. గ్రంథాలయంలో పనిచేసినవాడికి అది అలవాటు. అసలు ప్రతిని ఎవరికీ ఇవ్వం.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. పాత యంత్రం కొత్త విండోస్‌ను మోయలేకపోతే ఖాజాయే కొన్నేళ్ల కింద మార్చాడు. యశోద ఆట పాత విండోస్ కోసం చేసింది.

"ఫికర్ చెయ్యకుర్రి సార్. నడుమ ఒక దుబాసీని పెడ్తం. ఆట విండోస్ భాషల అడుగుతది, దుబాసీ లినక్స్‌కు చెప్తది. జర ఓపిక కావాలె, గంతే."

విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపించే ప్రోగ్రాం ఒకటి ఉంది. అతను దుబాసీ అన్నది దాన్నే. ఎట్లా చేయాలో కాగితం మీద రాసిచ్చి పోయాడు. మిగతాది నేను చేసుకున్నాను. నాలుగు రోజులు పట్టింది.

ఆట కోసం విడిగా ఒక ఫోల్డరు చేసి, అది పాత విండోస్ అని నమ్మించాను. బయటి నుంచి సీడీ డ్రైవు తగిలించాను. ఆట ఎక్కింది గానీ, సీడీ లోపల ఉన్నా సీడీ పెట్టమని అడుగుతూనే ఉంది. ఫలానా డ్రైవు సీడీదే అని దుబాసీకి ప్రత్యేకంగా చెబితే ఆ గొడవ తీరింది. తర్వాత తెరంతా నల్లగా వచ్చింది. ఆటను నిండు తెర మీద కాకుండా చిన్న కిటికీలో తెరిచేట్టు మారిస్తే బొమ్మ కనిపించింది. శబ్దం మాత్రం రాలేదు. దాన్ని అలాగే వదిలేశాను.

చివరగా కార్డులోంచి యశోద ఫైళ్లను నకలు చేసి ఆ ఫోల్డరులో వేశాను. ఆట తెరుచుకుంది. ఆమె కట్టిన ఇల్లు కనిపించింది.

అది ఎనభైల మొదట్లో మేము అద్దెకున్న ఇల్లు. స్టేషన్ దారిలో ఉండేది. వరుసగా మూడు గదులు, పక్కన వంటిల్లు, వెనక జామచెట్టు. ఆ ఆటలో జామచెట్టు దొరకలేదేమో, ఏదో గుబురు చెట్టు పెట్టింది. కొలతలు కూడా సరిపోయాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు కూలిపోయి చాలా ఏళ్లయింది.

ఆట తెరవగానే అంతా ఆగి ఉంటుంది. నడిపించే మీట నొక్కితే కదులుతుంది. ఆమె ఆపిన చోట సాయంత్రం ఆరు గంటలు. ఆ ఇంటికి ఇద్దరే మనుషులు, నా పేరున్న మగమనిషి, ఆమె పేరున్న ఆడమనిషి. చివరి గదిలో ఒక చిన్న మంచం, పొట్టి బల్ల, దాని మీద ఆరిపోయి ఉన్న ఒక దీపం. ఇంకేమీ లేవు.

ఆ గది గురించి చెప్పాలి.

మాకొక కూతురు ఉండేది. సుజాత. నాలుగేళ్ల వయసులో జ్వరం వచ్చి, ఆ చివరి గదిలోనే చనిపోయింది. నక్షత్రం మంచిది కాదనీ, ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలనీ పెద్దలు చెప్పారు. ఆ సాయంత్రమే తాళం వేసి, రెండు వీధుల అవతల బంధువుల ఇంట్లోకి పోయాం. చిన్నపిల్లకు మిగతా తంతులేవీ అక్కర్లేదన్నారు. తాళం వేసేముందు మా అమ్మ ఆ గదిలో ప్రమిద, వత్తి పెట్టి, ఒక్కదానికి మాత్రం పట్టుబట్టింది. పిల్ల తల పెట్టిన చోట పదకొండు రోజులు దీపం పెట్టాలి. తండ్రే పెట్టాలి. పొద్దుగూకే వేళ ఒక్కడే పోవాలి. అన్ని రోజులూ ఆడవాళ్లు ఆ గడప తొక్కకూడదు.

నేను రోజూ పోయాను. తాళం తీసి, రెండు గదులు దాటి, మూడో గది గడప దాకా నడిచేవాణ్ణి. లోపలికి అడుగు పడేది కాదు. కాసేపు నిలబడి, వెంట తీసుకుపోయిన సీసాలోని నూనె జామచెట్టు మొదట్లో ఒంపేసి తిరిగొచ్చేవాణ్ణి.

"దీపం పెట్టిన్రా?" అని యశోద అడిగేది.

"పెట్టిన" అనేవాణ్ణి.

పదకొండు రోజులు ఇట్లానే చెప్పాను. ఆ తర్వాత నలభై ఏళ్లు కలిసి బతికాం. ఆమెకు నిజం చెప్పలేదు. ఆమె పోయాక నన్ను తొలుస్తున్నది అదొక్కటే. ఆమెకు తెలుసా, తెలియదా?

ఆట మొదటిసారి తెరిచిన ఆ రోజు నడిపించే మీట నొక్కాను. మగమనిషి పని నుంచి వచ్చాడు. రెండు గదులు దాటి, మూడో గది గుమ్మం దగ్గర ఆగాడు. కాసేపు నిలబడ్డాడు. తిరిగి వెళ్లిపోయాడు.

నేను ఆట మూసేశాను. కాసేపటికి మళ్లీ తెరిచాను. అదే జరిగింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. యశోద కట్టిన ఇల్లు చెడుతుందేమోనని మూసేటప్పుడు నేను ఆటను ఎప్పుడూ భద్రపరచలేదు, అంటే సేవ్ చేయలేదు. ప్రతిసారీ లోపలి ఫైళ్లు తీసేసి, కార్డులోంచి కొత్తగా నకలు వేసుకునేవాణ్ణి. అందుకని ప్రతిసారీ అదే సాయంత్రం, అదే ఆరు గంటలు, అదే ఆరిన దీపం.

మర్నాడు దీపం వెలిగించమని ఆ మనిషికి ఆజ్ఞ ఇచ్చాను. ఆ ఆటలో వస్తువు మీద నొక్కి పని చెబితే మనిషి పోయి చేస్తాడు. అతను గుమ్మం దాకా పోయాడు. రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. దారి లేనప్పుడు ఆ ఆటలో మనుషులు అట్లా చేస్తారట. దారిలో ఏమీ లేదు. అదే పని ఆడమనిషికి చెప్పాను. ఆమె తిన్నగా లోపలికి పోయి వెలిగించి వచ్చింది.

ఖాజా వచ్చి చూశాడు. ఆట నడుస్తుండగా వెనక నల్ల కిటికీలో దుబాసీ రాసే వరుసలన్నీ చదివాడు. తప్పు ఏదీ కనిపించలేదన్నాడు. కార్డు తీసుకుపోయి తన దుకాణంలో పాత విండోస్ ఉన్న కంప్యూటర్ మీద నడిపించాడు. నేను పక్కనే కూర్చున్నాను. అక్కడ మగమనిషి చెప్పగానే లోపలికి పోయి దీపం వెలిగించాడు.

"దుబాసీకి ఏదో సమజ్ అయితలేదు సార్. గంతే. మీరు పరేషాన్ కాకుర్రి."

నాకూ అట్లానే అనిపించింది. అనిపించాలని కోరుకున్నాను కూడా. కానీ ఇంటికొచ్చి తెరిస్తే మళ్లీ అతను గడప దగ్గరే నిలబడ్డాడు. నేను చేసిన పని ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. దాన్ని ఒక బొమ్మ రోజూ చేసి చూపిస్తోంది.

సంవత్సరీకానికి రాయికోడ్ నుంచి మా మరదలు సరళ వచ్చింది. యశోదకు చెల్లెలు. సుజాత పోయినప్పుడు పదిహేనేళ్ల పిల్ల, అక్కకు తోడుగా మా దగ్గరే ఉంది. తంతు అయిపోయిన మర్నాడు, మధ్యాహ్నం మూడింటికి టీ గ్లాసు పట్టుకుని నా వెనక వచ్చి నిలబడింది.

"గిది మన స్టేషన్ కాడి ఇల్లు గద బావా. అక్క కట్టిందా? మరి గీ పొట్టాయన ఎవరు?"

"నేనే."

"జుట్టు మస్తు పెట్టింది నీకు."

నేను నవ్వలేదు. మనిషి గుమ్మం దాకా పోయి, నిలబడి, తిరిగొచ్చాడు. సరళ టీ గ్లాసు కింద పెట్టింది.

అప్పుడు చెప్పాను. పదకొండు రోజులూ దీపం పెట్టలేదని, నూనె చెట్టు మొదట్లో పోశానని, మీ అక్కకు అబద్ధం చెప్పానని. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. తెర వైపు చూస్తూనే చెప్పాను.

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"అక్కకు ఎరుకే బావా."

"ఎట్ల?"

"పన్నెండో నాడు తెల్లారంగ నన్ను తోలుకపోయింది. తాళంచెవి నీ అంగీ జేబుల కెల్లి తీసింది. గదిల పోయి చూస్తే ప్రమిదల వత్తి తెల్లగ అట్లనే ఉండె. అంటుకోనే లేదు. నేను ఏడ్చిన. అక్క ఏడ్వలే. బండల మీద దుమ్ము చూపించింది. నీ కాళ్ల గుర్తులు గడప దాంక ఉండె, ఒకదాని మీద ఒకటి. 'చూడు, రోజూ ఇక్కడి దాంక వచ్చిండు పాపం' అన్నది."

"మరి నువ్వు పెడ్తవా అని అక్కను అడగలేదా?"

"అడిగిన. తండ్రి పెట్టాలె, ఆయనే పెడ్తడు తియ్ అన్నది. వత్తిని ముట్టలే. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది. ఇన్నేండ్లు చెప్పలే. ఇయ్యాల అక్క లేదు, చెప్పిన."

నా రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. ఈ మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే సరళ కూడా చూసింది. మౌస్ మీద నా చేయి లేదు, ఆమె చేయి కూడా లేదు. ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. వంటింట్లో ఉన్న మగమనిషి లేచి, రెండు గదులు దాటి, గుమ్మం దగ్గర ఆగాడు.

"పో బావా" అంది సరళ మెల్లగా. నాతో కాదు.

అతను లోపలికి పోయాడు. బల్ల దగ్గర వంగాడు. దీపం వెలిగింది.

తర్వాత ఆటను భద్రపరచకుండా మూసేశాను. ఎప్పటిలాగే.

ఇంతవరకే అయితే నేను ఇది రాసేవాణ్ణి కాదు. యంత్రం ఒక్కోసారి పనిచేయదు, ఒక్కోసారి చేస్తుంది. ఆజ్ఞ లేకుండా ఆ మనుషులు వాళ్లంతట వాళ్లు తిరుగుతారు కూడా. అది ఆ ఆట పద్ధతే.

మరుసటి రోజు పొద్దున సరళను రాయికోడ్ బస్సెక్కించి వచ్చాను. లోపలి ఫైళ్లు తీసేసి, కార్డులోంచి కొత్తగా నకలు వేశాను. ఆట తెరిచాను. అంతా ఆగి ఉంది, ఆరు గంటలు. నడిపించే మీట ఇంకా నొక్కలేదు. చివరి గదిలో దీపం వెలుగుతోంది.

ఖాజాను పిలిచాను. కార్డు పక్కనున్న మీట జరిపినచోటే ఉంది. తను మొదట తీసిపెట్టుకున్న ప్రతినీ, కార్డులో ఉన్నదాన్నీ కంప్యూటర్‌తో పోల్చి చూశాడు. ఒక్క అక్షరం తేడా లేదు. తన దుకాణంలో తెరిస్తే దీపం ఆరిపోయే ఉంది. నా దగ్గర తెరిస్తే వెలుగుతోంది. మూడుసార్లు చూశాడు. చీకటి పడితే దీపాలు వాటంతటవే వెలుగుతాయేమో అన్నాడు. మరి ఇన్ని రోజులూ ఎందుకు వెలగలేదని అడిగితే కార్డు తిరిగి నా చేతిలో పెట్టాడు.

అప్పటి నుంచి అంతే. ఇప్పుడు ఆ మనిషి పని నుంచి వచ్చి గుమ్మం దగ్గర ఆగడు. తిన్నగా వంటింట్లోకి పోయి, ఆమె పెట్టింది తింటాడు.

యశోదకు తెలుసా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. అది సరళ చెప్పింది, అందులో వింత లేదు. దీపం సంగతి మాత్రం నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తేలలేదు.

పోయిన వారం ఖాజా ఫోన్ చేశాడు. దుబాసీకి కొత్త వెర్షన్ వచ్చిందట, పాత తప్పులన్నీ సరిచేశారట.

"వచ్చి వేసిపోదునా సార్? ఆ దీపం గడ్బడ్ కూడా పోతదేమో."

వద్దన్నాను.