ఎడమకు లాగే కారు

కారు గోడకు గుద్దుకోగానే నా చేతుల్లో స్టీరింగు ఒక్కసారిగా ఎడమకు లాగుతుంది. నిజం కారు కాదు లెండి. తాడేపల్లి ఆఫీసులో నా బల్లకు బిగించిన ప్లాస్టిక్ స్టీరింగు అది. రేసింగ్ వీడియో గేముల్లో కార్లు నిజంగా దెబ్బతిన్నట్టు కనిపించేలా చేయడం నా ఉద్యోగం కాబట్టి, రోజంతా గుద్దుతూనే ఉంటాను. అయినా ఆ లాగుడు మణికట్టుకు తగిలిన ప్రతిసారీ పక్క సీట్లో ఎస్తేరు టీచర్ గారు కూర్చుని ఉన్నట్టే ఉంటుంది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఇంకా అలవాటు పడలేదు నేను.

ఒంగోలులో ఓ మిషను స్కూల్లో హిందీ చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుని కృష్ణా రామా అనుకునే వయసులో, అంటే ఆవిడ విషయంలో ప్రార్థనలు చేసుకునే వయసులో, ఓ పాత కారు కొని ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టారు. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆవిడ పట్టించుకుంటేగా! నర్సులు వచ్చారు, టీచర్లు వచ్చారు, డిగ్రీ చదువుతున్న నేనూ చేరాను. నా అంత పిరికిదాన్ని ఆవిడ చూసి ఉండరు. అల్లంత దూరాన గేదె కనిపిస్తే ఇక్కడే బ్రేకు తొక్కేదాన్ని. "అది నిన్ను చూడనే లా, నువ్వెందుకు దానికి దణ్ణం పెడతావ్?" అని అరిచేవారు. ఆ గొంతుకు గేదే పక్కకు తప్పుకునేది.

ఒకరోజు పర్చూరు వైపు వెళ్తున్నాం. మిరప కోతల కాలం, సగం రోడ్డు మీద కాయలు ఎండబోశారు. కాయలు తొక్కకూడదని స్టీరింగు అటు తిప్పి, కంగారులో ఇటు తిప్పి, కల్వర్టు గోడకు ముందు ఎడమ వైపు గుద్దేశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాయలు తిరగేస్తున్న ఒకామె పరిగెత్తుకొచ్చి, "కాయల మీద పోనిస్తే పోయేదిగా తల్లీ, గోడను గుద్దుతారా ఎవరన్నా!" అంది. టీచర్ గారు దిగి, వంగి, చక్రానికి రాసుకుంటున్న రేకును రెండు చేతులా బయటికి లాగారు. చేతులు దులుపుకుని మళ్ళీ వచ్చి పక్క సీట్లోనే కూర్చున్నారు.

"మీరు నడపండి టీచర్ గారూ, నా వల్ల కాదు" అని ఏడ్చేశాను.

"గుద్దింది నువ్వు, ఇంటికి చేర్చేదీ నువ్వే. ఎడమకు లాగుద్ది. లాగనీ. నువ్వు కుడికి పట్టు. మెల్లగా పో, మెల్లగా పోయే కొద్దీ తక్కువ లాగుద్ది."

ఒంగోలు దాకా ఆవిడ ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు. సైకిళ్ళు మమ్మల్ని దాటుకుని పోయాయి. భుజాలు పడిపోయాయి గానీ బండి ఇంటికి చేరింది. నేను కారు నడపగలనని నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

చాలా ఏళ్ళ తర్వాత, మోకాలి ఆపరేషనుకు విజయవాడ వచ్చినప్పుడు, మా ఇంట్లో దిగారు. నేను చేస్తున్న గేము గొప్పగా చూపించాను. బానెట్ మీద ముడతలు, అద్దంలో బీటలు, నెలల తరబడి చెక్కినవి. ఆవిడ ఇంట్లో నేను వాడే ఇంకో ప్లాస్టిక్ స్టీరింగు పట్టుకుని మొదటి మలుపులోనే గుద్దేశారు. బానెట్ లేచిపోయింది. కారు మాత్రం దారం పట్టినట్టు తిన్నగా దూసుకుపోయింది. ఆవిడ స్టీరింగు వదిలేశారు.

"ఏందమ్మాయ్ ఇది?"

"దెబ్బ తగిలిందండీ. ఎంత బాగా వచ్చిందో చూడండి."

"దెబ్బ బొమ్మకు తగిలింది, బండికి తగల్లా. అబద్ధం ఆడినా అతికినట్టుండాలే!"

ఒళ్ళు మండిపోయింది నాకు. అన్నం కూడా సరిగా పెట్టలేదు ఆ పూట. తెల్లారేసరికి ఆవిడన్నది నిజమని ఒప్పుకోక తప్పలేదు.

గుద్దిన కారు పక్కకు లాగేలా చేద్దామంటే మా టీం లీడ్ సుధీర్ గారు ససేమిరా అన్నారు. "కారు పక్కకు లాగితే ఆడేవాళ్ళు విసుక్కుని ఆపేస్తారమ్మా. రంగు ఊడితే చాలు." నేను వదల్లేదు. చివరికి ఒక షరతు పెట్టారు: బయటివాళ్ళను పిలిచి ఆడిద్దాం, గుద్దాక మధ్యలో వదిలేస్తే ఈ దెబ్బల పని మొత్తం తీసేద్దాం. నాకు ఆ గేములో మిగిలిన పని అదొక్కటే. పిలిచాం. గుద్దినవాళ్ళు గుద్దినట్టే లేచిపోయారు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, ఇంకొక్కసారి అవకాశమిమ్మని అడిగాను. తప్పెక్కడో వెతికితే నా బుర్ర తక్కువతనమే కనిపించింది. ఎంత వేగంలోనైనా ఒకేలా లాగేలా చేశాను! దెబ్బ పెట్టాను గానీ, దాన్ని తట్టుకునే దారి పెట్టలేదు. నెమ్మదిస్తే లాగుడు తగ్గేలా మార్చాను.

రెండోసారి వచ్చినవాళ్ళలో ఒక కాలేజీ అమ్మాయి మొదటి మలుపులోనే గుద్దింది. "ఛీ, దీని మొహం మండ!" అని తిట్టింది గానీ లేవలేదు. వేగం తగ్గించింది. పళ్ళ బిగువున కుడికి పట్టి, అందరికన్నా ఆఖరున గీత దాటి, గెలిచినట్టు రెండు చేతులూ పైకెత్తింది. తర్వాత ఆడినవాళ్ళు కూడా చాలామంది చివరిదాకా ఉన్నారు. వెనక నిలబడ్డ సుధీర్ గారు మధ్యలో లేచిపోయినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టారు. తర్వాత "ఉంచుదాం" అన్నారు.

అప్పటికప్పుడే టీచర్ గారికి ఫోన్ చేశాను.

"ఉంచుతున్నారండీ!"

"ఉంచక ఏం చేస్తారు? సరేగాని, ఆ వంగిన బండికి బ్రేకేస్తే అది కూడా ఒక పక్కకే కొట్టుద్ది. అది చూశావా?"

"లేదండీ."

"మరి?"

అదే ఆవిడ నాతో అన్న ఆఖరి మాట. ఆ తర్వాత కొన్నాళ్ళకే నిద్రలో పోయారు. మా గేములో దెబ్బతిన్న కారు బ్రేకు వేస్తే ఇప్పటికీ బుద్ధిగా, తిన్నగా ఆగుతోంది. సోమవారం ఈ బ్రేకు సంగతి తేల్చుకోడానికి సుధీర్ గారి గదికి వెళ్తున్నాను. ఒప్పుకోరని తెలుసు. ఒప్పుకునేదాకా లేవను.