కాంటా చెప్పని సంగతి

ఆ రోజు పొద్దున చెప్పులు కాళ్లకు ఎక్కలేదు. పాదాలు ఉబ్బాయి. మూత్రంలో నురగ, బకెట్లో సర్ఫు కలిపినట్టు. ఎన్ని నీళ్లు పోసినా పోలేదు. తాండూరు మార్కెట్ యార్డులో కందుల బస్తాలకు కాంటా వేసేది నేనే. అప్పటికి నా తూకం నూట ముప్పై రెండు కిలోలు.

నా భార్య అనిత వదల్లేదు. "నడువు, వికారాబాద్ పోయి చూపిచ్చుకుందాం," అని రైలెక్కించింది. అక్కడ టెస్టులు చేశారు. ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ రెండుకు దగ్గర, యూరిన్‌లో ప్రోటీన్ త్రీ ప్లస్, అంటే బాగా ఎక్కువ.

"యాదయ్యా, నీ బరువుతోని కిడ్నీల మీద లోడ్ పడుతున్నది. షుగర్, బీపీ గూడ తోడైనయి. గిట్లనే ఉంటే డయాలసిస్ దాకా పోతది," అన్నారు కిడ్నీ డాక్టరమ్మ. మా పెదనాన్న వారానికి మూడుసార్లు ఆ మిషన్ పక్కన పడుకోవడం చూసినవాణ్ణి.

తిండి తగ్గించాను, నడిచాను, మందులు మింగాను. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గి ఏడు పెరిగాను. అప్పుడు డాక్టరమ్మే బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీ మాట ఎత్తి హైదరాబాద్ పంపారు. స్లీవ్ అంటారు, పొట్టను చిన్నగా కత్తిరించి కుడతారు. "కిడ్నీలు కొత్తగ అయితయని చెప్పను. ఉన్నవి కాపాడుకునే మోకా దొరుకుతది," అన్నారు సర్జన్.

సర్జరీ అయి మళ్లీ పనిలోకి వచ్చాక నా సంబరం చూడాలి. రోజూ కాంటా ఎక్కేవాణ్ణి. హమాలీ శ్రీశైలం దూరం నుంచే, "అన్నా, ఇయ్యాల ఎంత దిగింది?" అని అడిగేవాడు. యార్డంతా వినపడేలా చెప్పేవాణ్ణి. ఒక వారం ఏకంగా ఐదు కిలోలు దిగింది. అందరికీ స్వీట్లు పంచాను.

రెండో రోజే కళ్లు తిరిగి బస్తాల మీద కూలబడ్డాను. వికారాబాద్ తీసుకుపోయి టెస్టు చేయిస్తే క్రియాటినిన్ మూడు దాటింది.

"నీళ్లెన్ని తాగుతున్నవ్?" అన్నారు డాక్టరమ్మ. నేను చెంబెడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగే మనిషిని. సర్జరీ తర్వాత అలా తాగితే వాంతయ్యేది. అందుకని తాగడమే తగ్గించేశాను.

"కందులు తూచేటోనివి కదా. పచ్చి కందులు ఎండల పోస్తే తూకం ఎందుకు తగ్గుతది?"

"తేమ పోతది మేడమ్," అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇరవై ఏళ్లుగా తేమ చూసి ధర కట్టే చోట పనిచేస్తూ, నా ఒంట్లో తేమ పోతుంటే స్వీట్లు పంచాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. క్రియాటినిన్ దిగేదాకా వచ్చిన ప్రతి రిపోర్టూ అడిగి చూశాను.

సర్జరీ అయి ఇప్పటికి ఏడాదిన్నర. తొంభై ఒక్క కిలోలున్నాను. క్రియాటినిన్ ఒకటిన్నర దగ్గర నిలబడింది, ప్రోటీన్ ట్రేస్‌కు, అంటే లేశానికి వచ్చింది. నురగ కనిపించని పొద్దున సంతోషం ఆపుకోలేక అనితను కేకేశాను. "గిది చూపియ్యనీకి ఎవలన్న పిలుస్తరా?" అని తిట్టింది. తిడుతూనే తొంగిచూసి, గోడకు ఆనుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఈ సర్జరీ చేయించుకున్నవాళ్లకు నాది ఒక్కటే మాట. రోజుకు మీకెన్ని నీళ్లు కావాలో డాక్టర్‌నే అడగండి. ఆ కొలత బాటిల్‌లో పోసి పక్కనే పెట్టుకుని, గుక్క గుక్కగా సాయంత్రానికి ముగించండి. నేను ఇప్పటికీ రోజూ సాయంత్రం కాంటా దగ్గరికి పోతాను. శ్రీశైలం ముందుగా నా బాటిల్ ఎత్తి చూస్తాడు. నీళ్లు మిగిలి ఉంటే కాంటా ఎక్కనివ్వడు.