కొలవని మెడ

ధర్మవరంలో ముప్పై ఏళ్లు మగ్గాలు చేసిన కంబగిరాచారి ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్లు చేస్తున్నాడు. అతుకు బిగిస్తే పని కుదిరినట్టేనని ఆయన ధీమా. హిందూపురం పాటగాళ్ల కోసం ఒక మోడల్ గిటార్ మెడ ఊడదీసి వేరే మోడల్ ఒంటికి బిగించాడు. అతుకులో వెంట్రుక కూడా దూరదు. ఎక్కడా నొక్కకుండా ఉత్త తీగ మీటితే ఖంగుమంది. మెడ మీది మెట్ల దగ్గర తీగ నొక్కి మీటాడు. అపస్వరం! ఇంకాస్త కింద నొక్కాడు. మరీ ఘోరం!

పక్కింటి నేతగత్తె ఓబులమ్మ ఇచ్చిన పట్టుదారంతో తీగ పొడవు కొలిచి, ఆ దారాన్ని రెండుగా మడిచాడు. సరిగ్గా సగంలో ఉండాల్సిన పన్నెండో మెట్టు అరంగుళం పక్కకుంది.

"అతుకు అంత బాగా కూర్చునింది కదమ్మా!" అన్నాడు గుడ్లు తేలేసి.

"కొలవకుండా వేరే మగ్గం కొయ్య బిగించినానని పోయినేడు నన్ను తిట్టింది నువ్వే కదప్పా!"